సంక్రాంతి జిల్లా, ఫిబ్రవరి జిల్లా

కిందటి నెలలో మా ఎకనామిక్స్ మాస్టారు శ్రీకాకుళంలో తన ఇంట్లోనే కన్నుమూశారు. ఎనభై ఏళ్ళు దాటాయి. జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది. విశ్రాంత ఆచార్యులు, అర్థశాస్త్రం, మూడు దశాబ్దాలకు పైగా బోధన, వందలాది శిష్యులు, పలువురి సంతాపం. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ మనిషి ఇన్నేళ్ళూ చేసిన అసలు పని ఏమిటో అందులో లేదు. ఈ జిల్లాను లోపలి నుంచి లెక్కపెట్టిన మనిషి ఆయన. ఆ లెక్కపెట్టే పని ఇప్పుడు ఎవరి చేతుల్లోనూ లేదన్నదే నా బాధ.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. తన గురించి రాస్తామంటే ఒప్పుకునేవారు కాదు. "నా గురించి ఎందుకయ్యా, రాస్తే ఊరి గురించి రాయండి" అనేవారు. ఇంట్లోవాళ్ళ మాటా అదే. కాబట్టి మాస్టారు అనే అంటాను. మాకు ఎప్పుడూ ఆయన మాస్టారే.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నప్పటి సంగతి. 1991 జనగణన అయిన మరుసటి ఏడాది. సంక్రాంతి సెలవులకు ముందు ఆఖరి క్లాసులో మాస్టారు మాకు ఒక పని అప్పజెప్పారు. "పండగ మూడు రోజుల్లో మీ వీధిలో ఇంటింటికీ వెళ్ళండి. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాసుకోండి. అరిసెలు పెడతారు, తినండి. కానీ రాయడం మర్చిపోవద్దు. మళ్ళీ ఫిబ్రవరి నెలాఖరులో ఒక ఆదివారం అదే వీధిలో అవే ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ రాయండి." అంతే చెప్పారు. ఎందుకో చెప్పలేదు.

మాది నాగావళి కాలవ చిట్టచివరి ఊరు. పండగ నాడు మా వీధిలో ఏ అరుగు చూసినా మగవాళ్ళే. మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి వచ్చినవాళ్ళు. కొత్త బట్టలు, పేకాట, టేప్‌రికార్డర్లో పాటలు. ఫిబ్రవరిలో అదే కాగితం పట్టుకుని వెళ్తే అవే అరుగుల మీద ముసలివాళ్ళు, చిన్నపిల్లలు. కొన్ని ఇళ్ళకు తాళాలు. రెండు వరసలు పక్కపక్కన రాసుకుని చూసేసరికి నాకు గుండె ఝల్లుమంది. పుట్టి పెరిగిన వీధి అది. మనుషులు బయటికి పోతున్నారన్న సంగతి తెలియక కాదు. మా నాన్నే నాలుగేళ్ళు మద్రాసులో తాపీ పనిచేశాడు. ఎంతమంది లేరో మాత్రం నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

మాస్టారు మా కాగితాలన్నీ తిరగేసి, బోర్డు మీద రెండు పేర్లు రాశారు. సంక్రాంతి జిల్లా. ఫిబ్రవరి జిల్లా. "మనకున్నవి రెండు జిల్లాలురా. ప్రభుత్వం దగ్గరున్న లెక్క రెండోదానిది మాత్రమే" అన్నారు.

ఆ మాటలోని లోతు నాకు చాలా ఏళ్ళకు గానీ అందలేదు. మన దేశంలో జనాన్ని లెక్కపెట్టేది ఫిబ్రవరిలో. 1991, 2001, 2011 మూడుసార్లూ ఫిబ్రవరి 9 నుంచి 28 దాకానే ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరిగారు. దేశం మొత్తానికి అది అనువైన కాలమే కావచ్చు. మన దగ్గర మాత్రం ఖరీఫ్ వరి కోతలు డిసెంబరుకల్లా అయిపోతాయి. నూర్పులవుతాయి, ధాన్యం అమ్ముకుంటారు, పండగ చేసుకుంటారు. కనుమ దాటిందంటే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు గుర్తుకొస్తుంది. ఆ మర్నాటి నుంచి పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం స్టేషన్లలో జనరల్ బోగీల ముందు కాలు పెట్టే సందుండదు. ఎన్యూమరేటర్ తలుపు తట్టేసరికి ఆ ఇంటి కొడుకు మద్రాసు దగ్గర ఏ తాంబరం అవతలో సిమెంటు బస్తాలు మోస్తుంటాడు. ఆ ఇరవై రోజుల్లో ఇంటికి రాని మనిషిని ఇక్కడ రాయకూడదన్నది నిబంధన. అక్కడ రాయాలి. అక్కడి రేకుల షెడ్డుకు ఎవరైనా వచ్చి రాశారా, రాసినా ఏమని రాశారు అన్నది ఎవరు చూశారు?

2011 లెక్కలు చూడండి. పదేళ్ళలో ఉమ్మడి రాష్ట్రం జనాభా 10.98 శాతం పెరిగితే శ్రీకాకుళం జిల్లాలో పెరుగుదల 6.52 శాతం, విజయనగరంలో 4.23 శాతం. కుటుంబ నియంత్రణ బాగా అమలైన ప్రాంతమే, కాదనను. కానీ దాని పక్కనే ఇంకో అంకె ఉంది. వెయ్యిమంది మగవాళ్ళకు శ్రీకాకుళంలో 1015 మంది ఆడవాళ్ళు, విజయనగరంలో 1019 మంది. ఈ అంకెను చూసి మన జిల్లాల్లో ఆడవాళ్ళకు ఎంత విలువో అని సభల్లో మెచ్చుకోవడం నేను విన్నాను. ఆరేళ్ళలోపు పిల్లల లెక్క తీసి చూస్తే రెండు జిల్లాల్లోనూ మగపిల్లల కంటే ఆడపిల్లలే తక్కువ. పుట్టుకలో తక్కువైన ఆడవాళ్ళు మొత్తం లెక్కలోకి వచ్చేసరికి ఎక్కువెలా అయ్యారు? ఆడవాళ్ళు కొంత ఎక్కువ కాలం బతుకుతారన్నది నిజమే, అది కొంత కారణం. మిగతా కారణం మగవాళ్ళు ఇంట్లో లేకపోవడం. మనం గొప్పగా చెప్పుకున్న అంకె నిజానికి రైలెక్కి వెళ్ళిపోయినవాళ్ళ జాడ. ఇది నాకు నేర్పింది మాస్టారే. ఒక అంకె కనిపిస్తే దాని పక్కన ఇంకో అంకె పెట్టి చూడమనేవారు. ఒంటి అంకెను నమ్మొద్దనేవారు.

జనాభా లెక్క కంటే ఆయన్ను ఎక్కువ కలతపెట్టింది ఆదాయం లెక్క. ఏటా జిల్లాలవారీ తలసరి ఆదాయం ప్రకటిస్తారు. పత్రికల్లో పట్టిక వస్తుంది, మన జిల్లాలు కింది వరసలో కనిపిస్తాయి, రెండు రోజులు చర్చ నడుస్తుంది. ఆ అంకె ఎలా తయారవుతుందో ఆ చర్చలో ఎవరూ అడగరు. జిల్లా స్థూల ఉత్పత్తి అంటే ఆ జిల్లా హద్దుల లోపల పుట్టిన విలువ. దాన్ని జిల్లా జనాభాతో భాగిస్తే వచ్చేది తలసరి. పైడిభీమవరంలో మందుల కంపెనీ తయారీలో పుట్టిన విలువ ఈ లెక్కలో ఉంటుంది. లాభం ఏ నగరంలో ఉన్న ఏ వాటాదారుకి చేరినా సరే, అది మన జిల్లా ఉత్పత్తే. గుజరాత్ వెరావల్‌లో బోటు మీద ఎనిమిది నెలలు వేట చేసి మత్స్యకారుడు ఇంటికి పంపిన డబ్బు మాత్రం ఈ లెక్కలో ఉండదు. అది గుజరాత్ ఉత్పత్తి. రైల్వేలు, బ్యాంకుల్లాంటి రంగాల్లోనైతే రాష్ట్రం మొత్తానికి కట్టిన అంకెను కొన్ని సూచికల ప్రకారం జిల్లాలకు పంచుతారు. అంటే జిల్లాలో పుట్టి జిల్లాకు దక్కనిది లెక్కకొస్తుంది, జిల్లావాళ్ళు చెమటోడ్చి తెచ్చుకున్నది రాదు.

"మన జిల్లా ఆదాయం ఎంత అని అడక్కండి. ఎవరి ఆదాయం, ఎక్కడ పుట్టింది, ఎక్కడ ఖర్చయింది? ఈ మూడూ అడగండి" అనేవారు. పరీక్షలో ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ముప్పై ఏళ్ళుగా నాకు ఉపయోగపడుతున్న ప్రశ్న ఇదొక్కటే.

దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళి ఉద్దానం సంగతి చెప్పేవారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. అంతకుముందు డయాలసిస్‌కి విశాఖ దాకా తిరిగి తిరిగి అప్పులపాలైన కుటుంబాలెన్నో. రోగి చెల్లించే ఆసుపత్రి బిల్లు, మందులు, కారు కిరాయి అన్నీ ఉత్పత్తి లెక్కలో కలుస్తాయి. పొలం దున్నే మనిషి మంచాన పడటం వల్ల పోయిన పని ఎక్కడా తీసివేతగా కనిపించదు. కుటుంబం చితికిపోతుంటే లెక్క పెరుగుతుంది. ఈ ముక్క చెప్పేటప్పుడు మాస్టారి గొంతు మారేది. ఆయన బంధువుల్లోనే ఇద్దరు ఆ జబ్బుతో పోయారు.

ఆయన జీవితం గురించి చెప్పడానికి పెద్ద సంఘటనలేమీ లేవు. రైతు కుటుంబం. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. ఆ తర్వాత ఈ రెండు జిల్లాల కాలేజీల్లోనే ఉద్యోగం. పెద్ద పేరున్న పరిశోధకుడు కాదు. ఆయన రాసినవి అంతర్జాతీయ జర్నళ్ళలో వెతికితే దొరకవు. హైదరాబాదు వెళ్ళే అవకాశం ఒకటి రెండుసార్లు వచ్చిందని, వద్దనుకున్నారని తోటి లెక్చరర్లు చెప్పేవారు. ఎందుకు వద్దనుకున్నారని నేనొకసారి అడిగాను. "అక్కడ చెప్పడానికి చాలామంది ఉన్నార్రా" అన్నారు. అంతకు మించి పొడిగించలేదు.

క్లాసులో ఆయన చేతిలో తెలుగు అకాడమీ పుస్తకం ఉండేది. ఆ పుస్తకాల తెలుగు కొరుకుడుపడదని చాలామంది ఫిర్యాదు. నిజమే. క్షీణోపాంత ప్రయోజన సూత్రం, ప్రచ్ఛన్న నిరుద్యోగం, డిమాండ్ వ్యాకోచత్వం. మొదటిసారి వింటే భయం వేస్తుంది. మాస్టారు ఆ మాటల్ని వదిలేసేవారు కాదు, ఊళ్ళోకి తీసుకొచ్చేవారు. ప్రచ్ఛన్న నిరుద్యోగం అంటే ఏమిటో చెప్పడానికి ఎకరన్నర పొలం, నలుగురు అన్నదమ్ముల్ని బోర్డు మీద గీసేవారు. నలుగురూ పొద్దున్నే పొలానికి వెళ్తారు, నలుగురూ అలిసిపోయి వస్తారు. ఇద్దరు మానేసినా పంట ఒక్క బస్తా తగ్గదు. మరి ఆ ఇద్దరూ పని చేసినట్టా, చెయ్యనట్టా? క్లాసు మొత్తం గోల. ఎవడి ఇంట్లో నలుగురున్నారో, ఎవడి అన్న పనిలేక మద్రాసు వెళ్ళాడో అన్నీ బయటికొచ్చేవి.

అక్కణ్ణుంచి ఆర్థర్ లూయిస్ దగ్గరికి వెళ్ళేవారు. వ్యవసాయంలో అవసరానికి మించి ఉన్న శ్రామికులు పరిశ్రమలోకి వెళ్తే, వ్యవసాయంలో ఉత్పత్తి తగ్గకుండానే దేశం ఎదుగుతుందని 1954లో చెప్పిన ఆర్థికవేత్త. 1979లో నోబెల్ వచ్చింది. సిద్ధాంతం అంతా వివరించాక మాస్టారు ఒక ప్రశ్న వేసేవారు. "సరే, ఆ ఇద్దరు అన్నదమ్ములూ వెళ్ళిపోయారు. ఇప్పుడు గట్టు మీద పని ఎవరిది?" మేం మాట్లాడేవాళ్ళం కాదు. జవాబు మాకు తెలుసు, పుస్తకంలో లేదు కాబట్టి చెప్పడానికి జంకు. ఉబాలు, అంటే వరి నాట్లు, ఎలాగూ ఆడవాళ్ళ పనే. మగవాళ్ళు వెళ్ళాక నీటి తడికి రాత్రి కాలవ గట్టు మీద కాపలా, ఎరువు బస్తాకి సొసైటీ దగ్గర లైను, అప్పు కోసం వడ్డీవ్యాపారి ఇంటికి వెళ్ళి అరుగు కింద నిలబడటం, ఇవన్నీ కూడా ఆడవాళ్ళ మీదే పడ్డాయి. పట్టా మాత్రం మగాడి పేరు మీదే. బ్యాంకుకెళ్తే ఆయన్ని తీసుకురమ్మంటారు. ఆయన మద్రాసులో. మా అమ్మ ఇలా తిరిగిన రోజులు నాకు గుర్తున్నాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరడానికి మా నాన్న రెండేళ్ళ సంపాదన పోయింది. లూయిస్ సిద్ధాంతంలో మా అమ్మ లేదని ఆ రోజు క్లాసులో కూర్చుని అనుకున్నాను. చదువుకున్న పాఠంలో మన ఇల్లు కనిపించడం, అదీ కనిపించకుండా పోవడం ద్వారా కనిపించడం, అంతకుముందు నాకు తెలియని అనుభవం.

ఆయనతో అన్నిట్లోనూ ఏకీభవించానని చెప్పను. సాగునీరు వస్తే వలస ఆగుతుందని ఆయన గట్టిగా నమ్మేవారు. తోటపల్లి బ్యారేజీ కోసం, వంశధార రెండో దశ కోసం ఏ సభ పెట్టినా వెళ్ళేవారు. వంశధార మీద నేరడి దగ్గర కట్టాల్సిన బ్యారేజీ విషయంలో ఒడిశాతో వివాదం ఏళ్ళ తరబడి నలిగి, 2010లో ట్రైబ్యునల్ ఏర్పడి, 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చినప్పుడు ఆయన నాకు ఫోన్ చేశారు. అంత సంతోషంగా మాట్లాడటం నేను ఎక్కువసార్లు వినలేదు. మా ఊరికి ఇప్పుడు నీళ్ళు కాస్త మెరుగయ్యాయి. మా తమ్ముడు మాత్రం ఊళ్ళో ఉండలేదు, వాడి కొడుకూ ఉండడు. రెండెకరాల వరి మీద ఒక కుర్రాడు ఇంజినీరింగ్ చదవలేడు, ఇల్లు కట్టలేడు. నీళ్ళు ఆకలిని ఆపుతాయి, రైలును ఆపవు. ఈ మాట ఆయనతో అన్నాను. కాసేపు ఆలోచించి "నీళ్ళ తర్వాత ఏమిటన్నది మా తరం ఆలోచించలేదు" అన్నారు. తన పొరపాటును అంత తేలిగ్గా ఒప్పుకునే పెద్దమనిషి మళ్ళీ నాకు తారసపడలేదు.

వలసే తప్పన్నట్టు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. మా తాత రంగం, అంటే రంగూన్, వెళ్ళొచ్చిన మనిషి. 1942లో జపాను దాడికి వేలమందితో కలిసి బర్మా వదిలి వచ్చేశాడు. ఈ సంగతి మాస్టారికి చెప్తే "మీ తాత రంగం, మీ నాన్న మద్రాసు, నువ్వు ఎక్కడో! మన జిల్లా ఎగుమతి చేసే సరుకు మనిషే" అన్నారు. పొలం కొన్నది, ఇటుక గోడలు లేచింది, ఆడపిల్లల పెళ్ళిళ్ళు అయింది ఆ డబ్బుతోనే. వెళ్ళడం తప్పు కాదు, వెళ్ళినవాడు ఏ లెక్కలోనూ లేకపోవడం తప్పు అన్నదే ఆయన వాదన.

లెక్కలో లేనివాడు ఎప్పుడు కనిపిస్తాడో మనకు తెలుసు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాకంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు. ఎవరు ఏ ఊరివాళ్ళో, అక్కడ ఎంతమంది పనిచేస్తున్నారో తేల్చడానికి అధికారులు రోజుల తరబడి తిప్పలు పడ్డారు. 2018 చివర్లో వెరావల్ నుంచి వేటకెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. పద్నాలుగు నెలల దాకా ఇళ్ళలో పొయ్యి వెలిగిన రోజూ వెలగని రోజూ ఒకటే. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర విడుదలయ్యారు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా మనుషులు చేపల కోసం అరేబియా సముద్రానికి ఎందుకు వెళ్తున్నారని అప్పుడు దేశం అడిగింది. మాస్టారు ఆ ప్రశ్నను పాతికేళ్ళ ముందే క్లాసులో అడిగారు. ఇక్కడ చెప్పుకోదగ్గ ఫిషింగ్ హార్బరు లేదు. పెద్ద బోటు నిలిపే చోటు లేకపోతే పెద్ద బోటు కొనేవాడు ఉండడు. బోటు లేని తీరంలో కూలీ మాత్రమే మిగులుతాడు. ఇదే తర్కాన్ని లాకౌట్‌లూ మూతలూ చూసిన గోగునార మిల్లులకు, ఎప్పుడో మూతపడిన ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీకి కూడా ఆయన అన్వయించి చెప్పేవారు. మిల్లు మూతపడితే పోయేది కార్మికుల జీతాలొక్కటే కాదు. చుట్టుపక్కల పొలాల్లో గోగు, చెరకు వేసే కారణం కూడా పోతుంది.

లెక్క తప్పితే పథకం ఎలా తప్పుతుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం మొదలైనప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో తొలి విడతగా తీసుకున్న 13 జిల్లాల్లో విజయనగరం ఉంది, శ్రీకాకుళం లేదు. నాగావళికి ఇటో బతుకు, అటో బతుకూ కాదు. ఒకే మేస్త్రీ రెండు జిల్లాల ఊళ్ళ నుంచీ మనుషుల్ని తీసుకెళ్తాడు. జిల్లాల వెనుకబాటును కొలవడానికి వాడిన సూచికలో వ్యవసాయ కూలి రేటు, ఒక్కో వ్యవసాయ కార్మికుడి ఉత్పత్తి విలువ, ఎస్సీ ఎస్టీ జనాభా వాటా ఉన్నాయి. అవన్నీ ఉండాల్సినవే. ఊరు విడిచి వెళ్ళేవాళ్ళ సంఖ్య అందులో లేదు. మరుసటి విడత దాకా శ్రీకాకుళం ఆగాల్సి వచ్చింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మళ్ళీ మారాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్ళాయి. పాలనకు అది మంచిదో కాదో వేరే చర్చ. లెక్కలవాళ్ళకు మాత్రం పాత వరస తెగిపోయింది. 2011 నాటి శ్రీకాకుళాన్ని ఇప్పటి శ్రీకాకుళంతో పోల్చాలంటే మండలాలవారీగా విడదీసి కూర్చుకోవాలి. కూర్చుకునేదెవరు? మాస్టారు ఆ పని ఇంట్లో కూర్చుని మొదలుపెట్టారు. పొడుగు పుస్తకాల్లో నీలి సిరాతో మండలం పేరు, పక్కన పాత జిల్లా, కొత్త జిల్లా, జనాభా, సాగు విస్తీర్ణం. కళ్ళకు ఆపరేషన్ అయ్యాక కూడా భూతద్దం పెట్టుకుని రాసేవారు. పూర్తికాలేదు.

ఇక్కడే నా అసలు భయం. మాస్టారి లాంటివాళ్ళు మళ్ళీ పుడతారా అన్నది కాదు. పుట్టినా వాళ్ళు నిలబడటానికి క్లాసు ఉందా? 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియం అయింది. 2023-24 నుంచి ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ విధానం వచ్చింది. అంతకుముందు చరిత్ర, ఎకనామిక్స్, పాలిటిక్స్ కలిపి బి.ఏ. చదివే పిల్లాడు ఇష్టం ఉన్నా లేకున్నా మూడేళ్ళు అర్థశాస్త్రం చదివేవాడు. వాళ్ళలో చాలామంది టీచర్లు, గ్రామ కార్యదర్శులు, విలేకరులు అయ్యారు. నేనూ అలా వచ్చినవాణ్ణే. ఇప్పుడు ఎకనామిక్స్‌ను ఎంచుకుంటేనే చదువుతారు. ఉద్యోగం టెన్షన్ నెత్తిన ఉన్న పల్లెటూరి కుటుంబం కంప్యూటర్స్ వైపు చూస్తుంది, నేనూ మా అమ్మాయికి అదే చెప్పాను. వాళ్ళను తప్పుపట్టను. ఇంగ్లీషు రావాలన్నదీ కాదనను. అది లేక మేం పడ్డ అవస్థ మాకు తెలుసు. కానీ నలుగురు అన్నదమ్ములు, ఎకరన్నర పొలం అని చెప్పుకుంటే క్లాసులో లేచే గోల ఇంగ్లీషు నోట్సు రాసుకునే క్లాసులో లేవదు. ఆ గోలలోనే మాకు అర్థశాస్త్రం అర్థమైంది. పిల్లలు తగ్గారని పోస్టులు భర్తీ చేయరు, పోస్టులు లేవని పిల్లలు చేరరు. ఈ సుడిలో ఒక జిల్లా తనను తాను చదువుకునే శక్తిని పోగొట్టుకుంటోంది.

బయటి నుంచి వచ్చే లెక్కలకు లోటు లేదు. వెనుకబడ్డ జిల్లాల మీద ప్రత్యేక దృష్టి పెట్టడానికి కేంద్రం చేసిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో 2018లో విజయనగరం చేరింది. దానికి డాష్‌బోర్డులు, ర్యాంకులు ఉన్నాయి. 2014 విభజన తర్వాత వెనుకబడిన ఏడు జిల్లాలకు ఏడాదికి రూ.50 కోట్ల చొప్పున ఇచ్చిన ప్యాకేజీకీ లెక్కలున్నాయి. అవి ఖర్చు లెక్కలు. బతుకు లెక్క వేరు. జాతీయ నమూనా సర్వే 2007-08లో నెల నుంచి ఆరు నెలల లోపు బయట పనికి వెళ్ళినవాళ్ళను ప్రత్యేకంగా అడిగింది. మంచి ప్రయత్నమే. కానీ నమూనా సర్వేలో ఒక జిల్లాకు వచ్చే ఇళ్ళు కొద్దే. పలాస మండలంలో ఏ ఊళ్ళో బడి ఫిబ్రవరిలో సగం ఖాళీ అవుతుందో అందులో తెలియదు. తెలియాలంటే ఆ ఊరివాళ్ళే రాయాలి.

2021లో జరగాల్సిన జనగణన కొవిడ్‌తో ఆగి, ఇప్పుడు 2027 మార్చి 1 తేదీ ప్రమాణంగా జరగబోతోంది. జనాన్ని లెక్కించేది మళ్ళీ ఫిబ్రవరిలోనే. అంటే మళ్ళీ ఫిబ్రవరి జిల్లానే లెక్కకొస్తుంది, పదేళ్ళకు పైగా అదే ఆధారంగా రేషన్ కోటా, బడులు, నిధులు, నియోజకవర్గాలు అన్నీ నడుస్తాయి. జనగణన తేదీని మనం మార్చలేం. దాని పక్కన పెట్టడానికి ఇంకో అంకెను మాత్రం తయారుచేసుకోగలం. గ్రామ సచివాలయాల్లో సిబ్బంది ఉన్నారు, కాలేజీల్లో పిల్లలున్నారు, సంక్రాంతికి అందరూ ఊళ్ళోనే ఉంటారు. ఆ మూడు రోజుల్లో ప్రతి పంచాయతీలో ఇంట్లో ఎవరున్నారు, పండగ దాటాక ఎక్కడికి వెళ్తారు, ఏ పనికి, ఎవరు తీసుకెళ్తారు అని రాసుకుంటే చాలు. మౌలివాకం లాంటిది మళ్ళీ జరిగితే కనీసం పేర్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. మాస్టారు ముప్పై ఏళ్ళ కిందట ఒక క్లాసు పిల్లలతో, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చేయించిన పని ఇది. రెండు జిల్లాల కలెక్టర్లు, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరం మహారాజా కాలేజీ లాంటి పాత విద్యాసంస్థలు తలుచుకుంటే చేయలేనిదేమీ కాదు.

పదో రోజు కార్యానికి నేను వెళ్ళాను. నాగావళి ఒడ్డున కార్యక్రమం అయ్యాక ఇంటి ముందు షామియానా కింద భోజనాలు. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, సూరత్. ఒకతను దుబాయ్ నుంచి. మా బ్యాచ్‌వాళ్ళం ఒక వరసలో కూర్చున్నాం. ఎవరో "మనలో జిల్లాలో ఉన్నది ఎంతమంది?" అన్నారు. వడ్డిస్తున్నవాళ్ళు ముందుకు పోతుంటే మేం విస్తళ్ళ ముందు వేళ్ళు మడిచి లెక్కపెట్టాం. పదకొండు మందిమి వచ్చాం. జిల్లాలో ఉన్నది ముగ్గురు.

తర్వాత మాస్టారి అమ్మాయి మమ్మల్ని లోపలికి పిలిచి బీరువా తెరిచింది. మేం రాసిచ్చిన సంక్రాంతి, ఫిబ్రవరి కాగితాలు బ్యాచ్‌ల వారీగా దారంతో కట్టి ఉన్నాయి. "వీటినేం చెయ్యమంటారన్నయ్యా?" అని అడిగింది. మా కట్టలోంచి నా కాగితం తీశాను. మా వీధి ఇళ్ళు వరసగా ఉన్నాయి. మా ఇంటి వరసలో సంక్రాంతి గడిలో ఆరు, ఫిబ్రవరి గడిలో అయిదు. నా చేతిరాత. పక్కన ఎర్ర ఇంకుతో మాస్టారి రాత: "ఎక్కడికి? ఎన్నాళ్ళకు?" అప్పుడు నేను జవాబు రాయలేదు. జేబులోంచి పెన్ను తీసి మా నాన్న పనిచేసిన ఊరు, ఉన్న నెలలు రాసి కాగితాన్ని మళ్ళీ కట్టలో పెట్టాను. కట్టలన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది కారులో పెట్టించుకున్నాం. వచ్చే ఆదివారం ముగ్గురం కలిసి కూర్చుని మొదటి కట్ట నుంచి కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెడుతున్నాం.